గాలికి పుట్టి, ధూళికి పెరిగి

లాల్ దర్వాజా నుంచి గౌలిపురా వైపు నడుస్తూ తలెత్తి చూస్తే చాలా గడపల మీద ఒక కలబంద తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తుంది. వేళ్ళు పైకి, ఆకులు కిందికి. పక్కన నల్లదారానికి ఒక పటిక ముక్క, వడలిపోయిన బూడిద గుమ్మడికాయ. ఇంటికి దిష్టి తగలొద్దని ఏ అమాస నాడో కట్టి ఉంటారు. కట్టిన మర్నాటి నుంచి దాని సంగతి ఎవరికీ పట్టదు. మట్టి లేదు, నీళ్ళు పోసే చెయ్యి లేదు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. వేలాడగా వేలాడగా ఆకుల కొసలు మెల్లగా వంపు తిరిగి మళ్ళీ ఆకాశం వైపు లేస్తాయి. ఒక కిరాణా దుకాణం గుమ్మానికి కట్టిన కలబంద పూయడం కూడా చూశాను. దుకాణం ఆయన మాత్రం చూసినట్టు లేదు.

ఎయిర్ ప్లాంట్ అన్న పేరు పాతబస్తీకి కొత్త కావచ్చు. గాలిలో వేలాడుతూ బతికే మొక్క మాత్రం మాకు కొత్తేమీ కాదు.

మా కిటికీ ఊచలకు వేలాడేవి అసలు ఈ ఖండానివే కావు. టిల్లాండ్సియాలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి అర్జెంటీనా, చిలీ దాకా చెట్ల కొమ్మలను, కొండ రాళ్ళను, ఒక్కోచోట కరెంటు తీగలను కూడా పట్టుకుని పెరిగే జాతి. 650కి పైగా రకాలున్నాయి. అనాస కుటుంబం. నెక్లెస్ రోడ్డు మీద నర్సరీ మేళాకు వెళ్ళినప్పుడు బోగన్‌విలియాలు, జామ అంట్ల మధ్య ఒక మూల పళ్ళెంలో ఉల్లిగడ్డల్లా పోసి అమ్ముతుంటే కొన్నాను. కొనడానికి పెద్ద కారణం ఏమీ లేదు, మాకు నేల లేకపోవడం తప్ప. ఒకప్పుడు ఈ ఇంటికి వాకిలి, వాకిట్లో బావి, బావి పక్కన దానిమ్మ చెట్టు ఉండేవట. వాటాలు పంచుకున్నాక ఇల్లు మూడైంది. వాకిలి మెట్లయింది. మిగిలిన కాస్త జాగా మీద బండలు పరిచి బండ్లు పెట్టుకుంటున్నాం. పాతబస్తీలో చాలా ఇళ్ళ కథ ఇదే. మట్టి అక్కర్లేని మొక్క ఉందని తెలిస్తే ఇక్కడివాళ్ళకు కలిగే సంబరం, బయట కొత్త కాలనీల్లో తోటలున్నవాళ్ళకు అర్థం కాదు.

మా అత్తమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. "మట్టి లేకుంట చెట్టేంది బిడ్డా? గాలి తిని బతుకుతదా ఏంది?" అంది. ఆ తర్వాత తనే ఒక నిమిషం ఆలోచించి, "అయితే తపస్సు చేస్తున్నట్టు" అని దాన్ని మళ్ళీ నా చేతిలో పెట్టింది, కొంచెం మర్యాదగా. అక్కన్న మాదన్న గుడిలో పురాణాలు విని విని పండిన మనిషి. గాలి మాత్రమే తిని తపస్సు చేసిన మునులు ఆమెకు కొత్త కాదు. శివుడి కోసం ఆకులు తినడం కూడా మానేసిన పార్వతి అపర్ణ అయింది. పాములు గాలి భోంచేస్తాయని నమ్మి వాటికి పవనాశనులని పేరు పెట్టుకున్నాం. మన ఊహలో తక్కువ తినేవాడు మంచివాడు, ఏమీ తిననివాడు మహాత్ముడు. ఎవరికీ బరువు కాకుండా, ఎవరికీ బాకీ పడకుండా బతకడం మన దగ్గర ఒక పెద్ద ఆదర్శం. ముసలివాళ్ళను అడిగి చూడండి, నూటికి తొంభై మంది కోరుకునేది అదే.

ఈ మొక్కను ఆ కోవలో చేర్చడానికి నాకు మనసొప్పదు. ఇది తింటుంది. బాగా తింటుంది. తినే చోటు వేరు, అంతే. దాని వేళ్ళు కొమ్మను పట్టుకోవడానికే పనికొస్తాయి. తాగడం, తినడం అంతా ఆకులతోనే. ఆకు నిండా కంటికి పొడిలా కనిపించే సన్నని పొలుసులుంటాయి. ఎండగా ఉన్నప్పుడు ఆ పొలుసులు వెలుతురును తిప్పికొడుతూ ఆకును వెండి రంగులో ఉంచుతాయి. నీళ్ళు తగలగానే అవి తడిని లోపలికి లాగుతాయి. ఇది కళ్ళతో చూడవచ్చు. తెల్లటి గిన్నెలో నీళ్ళు పోసి మొక్కను ముంచితే ముందు ఆకుల మీద గాలి బుడగలు అద్దంలా మెరుస్తాయి. తర్వాత బూడిద రంగు కొస నుంచి మొదలు దాకా చెరిగిపోయి, కింద దాక్కున్న పచ్చదనం బయటికొస్తుంది. ఎన్నిసార్లు చూసినా మళ్ళీ పని ఆపి చూస్తాను.

వాన నీళ్ళలో కరిగిన దుమ్ము, పిట్ట రెట్ట, చచ్చిన పురుగుల పొడి, ఎండుటాకుల చూర్ణం, ఇవీ దాని తిండి. గింజకు జిల్లేడు గింజలాగా దూదిపింజ ఉంటుంది. అది గాలికి ఎగిరి ఏ కొమ్మ మీదో ఏ బెరడు పగుల్లోనో తట్టుకుంటే అక్కడ మొలుస్తుంది. గాలికి పుట్టి ధూళికి పెరిగిందని మన దగ్గర దిక్కులేని పిల్లల గురించి అంటారు. ఈ మొక్క విషయంలో అది వృక్షశాస్త్రం.

మా ధూళి కూడా మామూలు ధూళి కాదు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత దారుల్‌షిఫా నుంచి షాలిబండ దాకా రోడ్డు వారగా ఉన్న ఇళ్ళకు, దుకాణాలకు కొలతలు పడ్డాయి, పరిహారాలు ఇచ్చారు, కూల్చివేతలు మొదలయ్యాయి. తాతల నాటి గోడలు, గచ్చు, సున్నం పొడిపొడి అయ్యి గాలిలోకి లేచాయి. ఆ పొడిలో కొంత మా కిటికీ దాకా వచ్చే ఉంటుంది. బ్రెజిల్‌లోని సావో పాలోలో ఈ జాతిలోదే, గడ్డంలా వేలాడే ఒక రకాన్ని ఊరంతా కట్టి, గాలిలో ఏ లోహాలు ఎంతున్నాయో దాని ఆకుల్లోంచి లెక్క తీశారు. అంటే ఈ మొక్క గాలి చెప్పినదంతా ఒంట్లో రాసిపెట్టుకుంటుంది. అది తపస్సు చేస్తోందంటే నవ్వొస్తుంది. బాకీల పుస్తకం రాస్తోందంటే నమ్ముతాను.

పేరు వెనక కూడా ఇలాంటి ఒక పొరపాటే ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీనికి 17వ శతాబ్దపు వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఎలియాస్ టిల్లాండ్స్ పేరు పెట్టాడు. ఆ టిల్లాండ్స్ కుర్రతనంలో ఒకసారి ఓడలో సముద్రం దాటుతూ కడుపులో తిప్పి నానా యాతనా పడ్డాడట. తిరుగు ప్రయాణంలో ఓడ ఎక్కనని మొండికేసి, సముద్రం చుట్టూ వందల కోసుల భూమార్గం పట్టి ఇల్లు చేరాడని కథ. ఈ మొక్కలకూ నీళ్ళంటే పడదనుకుని లినేయస్ ఆయన పేరు తగిలించాడు. పాపం, వీటికి నీళ్ళంటే ప్రాణం. పడనిది తడి ఆరకపోవడం ఒక్కటే.

నీళ్ళ దగ్గరే అసలు పనంతా ఉంది. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కి దిగి వచ్చిన కృష్ణ నీళ్ళు. ఒక రాత్రి మూత లేని బకెట్‌లో ఉంచితే క్లోరిన్ ఘాటు చాలావరకు పోతుంది. బోరు నీళ్ళు మాత్రం వద్దే వద్దు. మా బోరు నీళ్ళకు బకెట్ అంచున తెల్లటి చార కడుతుంది. అదే సున్నం ఆకు పొలుసుల మీద పేరుకుంటే మొక్క నోరు మూసుకుపోయినట్టే. అన్నిటికంటే మేలైనవి వాన నీళ్ళు. మృగశిర కార్తె దాటాక డాబా మీద వెడల్పాటి టబ్బులు పెడతాను. ఇక రాగి. మన ఇళ్ళల్లో రాగి చెంబులో నీళ్ళంటే పథ్యం, పుణ్యం, రెండూనూ. ఈ కుటుంబపు మొక్కలకు రాగి విషం. రాగి తీగతో కట్టకూడదు, రాగి బిందెలో నిలవ ఉన్న నీళ్ళు పోయకూడదు. అత్తమ్మకు ఇది చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఆ మొక్క మీద మర్యాద కొంచెం తగ్గింది.

వారానికి ఒకసారి 20 నుంచి 30 నిమిషాలు ముంచాలి. వైశాఖంలో 42 డిగ్రీల ఎండ, వడగాలి ఉన్నప్పుడు రెండుసార్లు. తర్వాత తీసి తలకిందులు చేసి విదిలించాలి, ఎందుకంటే ఆకుల మొదట్లో, గుండెకాయ దగ్గర నిలిచిన ఒక్క చెంచాడు నీళ్ళు చాలు లోపల కుళ్ళు పట్టడానికి. బయటికి ఏమీ తెలియదు. ఒక రోజు పట్టుకుంటే ఆకులు గుత్తిగా చేతిలోకి ఊడి వస్తాయి. ముంచిన నాలుగు గంటల లోపల పూర్తిగా ఆరాలి. అందుకే ఈ పని పొద్దున చెయ్యాలి, రాత్రి చెయ్యకూడదు. రాత్రి ఎందుకు కూడదన్నదానికి ఇంకో కారణం ఉంది, అది నాకు చాలా ఇష్టమైన కారణం. పాతబస్తీలో వేసవి పగళ్ళు ఎలా గడుస్తాయో తెలిసినవాళ్ళకు అది ఇట్టే అర్థమవుతుంది. పొద్దెక్కగానే కిటికీలు, తలుపులు బిగించి, తెరలు దించి, ఇల్లు ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. పొద్దుగూకాక అన్నీ బార్లా తెరుస్తారు, డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేస్తారు. టిల్లాండ్సియా కూడా పగలు తన రంధ్రాలన్నీ మూసుకుంటుంది, తేమ పోకుండా. రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువు లోపలికి తీసుకుని దాచుకుంటుంది. తెల్లారాక, తలుపులు మూసుకుని, ఆ దాచుకున్నదానితో ఎండలో వంట చేసుకుంటుంది. అనాస, కలబంద, బ్రహ్మజెముడు కూడా చేసేది ఇదే. రాత్రి దాని ఆకు తడిగా ఉంటే గాలి లోపలికి వెళ్ళదు. దాహం తీర్చామనుకుంటూ ఊపిరి ఆపేస్తాం.

ఈ ఆరబెట్టడం గురించి నేను చాలాసేపు ఆలోచించాను. మన ఇళ్ళల్లో ప్రేమంటే పొయ్యడం, పెట్టడం, ఇంకొంచెం వడ్డించడం. వద్దన్న కొద్దీ వెయ్యడం. హైదరాబాదు మర్యాదైతే చెప్పనే అక్కర్లేదు, అతిథి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి బిర్యానీ పడుతుంది. ఆ ప్రేమను తక్కువ చేయను, నేను దాంట్లోనే పెరిగాను. కానీ ఈ మొక్కకు నేను చేసే సేవలో ముంచే అరగంట కంటే ఆ తర్వాతి నాలుగు గంటలే ముఖ్యం. ఆ నాలుగు గంటలూ నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఏమీ చెయ్యకుండా దగ్గర ఉండాలి. కిటికీ తెరిచి ఉందా, గాలి ఆడుతోందా, మబ్బు పట్టి తడి ఆరడం ఆలస్యమైతే ఫ్యాను వెయ్యాలా, ఇంతే. గడప మీద కట్టి మర్చిపోయిన కలబందకూ దీనికీ ఉన్న తేడా అదే. రెండింటినీ ముట్టుకోం. ఒకదాన్ని మర్చిపోయి ముట్టుకోం, ఇంకోదాన్ని గుర్తు పెట్టుకుని ముట్టుకోం. పెద్దవాళ్ళయిన పిల్లల విషయంలో నాకు ఈ రెండో రకం ఇంకా చేతకావడం లేదని మా ఆయన అంటుంటాడు. ఆయనకు మొక్కల గురించి ఏమీ తెలియదు.

మా పుట్టినిల్లు పాలమూరు వైపు. అక్కడ మామిడితోటల్లో ఇదే బతుకు బతికే మన సొంత మొక్క ఒకటుంది, బదనిక అంటారు. శాస్త్రజ్ఞుల లెక్కలో వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్. మామిడి కొమ్మ మీద కూర్చుని లావాటి తెల్లని వేళ్ళు గాలిలోకి జార్చి ఉంటుంది. వాన పడితే ఆ వేళ్ళు పచ్చబడతాయి. గోధుమరంగు గళ్ళు గళ్ళుగా ఉన్న రెక్కలు, మధ్యలో నీలి ఛాయ నాలుక, సన్నని వాసన. అది కొమ్మను పట్టుకుంటుంది గానీ కొమ్మలోంచి చుక్క కూడా తాగదు. దాని పక్కనే ఇంకొకటి ఉంటుంది, ఎర్రగా సన్నని గొట్టాల్లాంటి పూలు పూస్తుంది. పిట్టలు దాని జిగురు గింజను కొమ్మకు రాసి పోతాయి. అది కొమ్మ లోపలికి వేరు దించి, చెట్టు పైకి తెచ్చుకున్న నీళ్ళను దారిలోనే తాగేస్తుంది. కొన్నేళ్ళకు ఆ కొమ్మ ఎండిపోతుంది. తోట కాపలావాళ్ళు దాన్నీ బదనికే అంటారు. చెట్టు మీద పెరిగిందల్లా చెట్టును తినేదే అని వాళ్ళ లెక్క. కొడవలి పట్టుకుంటే రెండింటినీ కలిపే కొట్టేస్తారు.

మూడో రకం చూడ్డానికి పాలమూరు దాకా పోనక్కర్లేదు. పాతబస్తీలో ఏ పాత ప్రహరీ గోడనైనా, ఏ దేవిడీ పిట్టగోడనైనా చూడండి. కాకి వేసిపోయిన రావి గింజ ఒకటి సున్నం పగుల్లో మొలిచి ఉంటుంది. అరచేతి ఎత్తున్నప్పుడు ముచ్చటగా ఉంటుంది. లేత ఎరుపు ఆకులు గాలికి గలగలలాడతాయి. పీకడానికి చాలామందికి చేతులు రావు, దేవతా వృక్షం కదా. అది నెమ్మదిగా వేరును రాయి రాయికీ మధ్య దించి, ఒక రోజు గోడను రెండుగా చీలుస్తుంది. అతిథిగా వచ్చి యజమాని అవుతుంది. సుల్తాన్లు కట్టిన గచ్చును, నిజాములు కట్టిన గుమ్మటాలను కూల్చినవాటిలో ఫిరంగుల వాటా కంటే రావి, జువ్వి మొలకల వాటాయే ఎక్కువేమోనని నా అనుమానం.

ఒకరి మీద ఆనుకుని బతకడంలో ఇన్ని తేడాలున్నాయి. అన్నిటినీ ఒకే కొడవలితో కొట్టేస్తే ఎట్లా?

మూసీ అవతలి ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు ఆ చోటు అఫ్జల్ పార్కు. వంతెనలు కొట్టుకుపోయాయి, పేటలకు పేటలు తుడిచిపెట్టుకుపోయాయి, వేలమంది చచ్చిపోయారు. దాదాపు 150 మంది ఆ చింతచెట్టు ఎక్కి, వరద తీసేదాకా కొమ్మలను కరుచుకుని బతికారు. ఏటా ఆ రోజున కొందరు ఆ చెట్టు కింద చేరి ఆనాటివాళ్ళను తలుచుకుంటారు. నేను ఆ చెట్టు దగ్గర ఒకసారి చాలాసేపు నిలబడ్డాను. చింతచెట్టు కొమ్మ చూడ్డానికి గట్టిదే, అయినా 150 మంది అంటే మాటలా? పసిపిల్లలుండి ఉంటారు, ముసలివాళ్ళుండి ఉంటారు. ఒక కొమ్మ మీద హిందువు, ముసల్మాను, ఒక ఇంటి కోడలు, ముందురోజు దాకా ఆమె ముఖం చూడని పరాయి మగవాళ్ళు. చెట్టు వాళ్ళకు తిండి పెట్టలేదు, నీళ్ళివ్వలేదు, ఆకలి తీర్చలేదు. పట్టుకోవడానికి చోటిచ్చింది. ఆ ఒక్కటే వాళ్ళకు కావలసింది. వాళ్ళు కూడా చెట్టు నుంచి ఏమీ తీసుకోలేదు. దిగి ఎవరి దారిన వాళ్ళు పోయారు, పోవడానికి ఇల్లు మిగిలినవాళ్ళు.

ఆ వరద తర్వాతే 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద మూసీకి ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), ఈసీకి హిమాయత్‌సాగర్ కట్టారు, 1920లో ఒకటి, 1927లో ఒకటి. వరద ఆపడానికి కట్టినవి ఊరికి మంచినీళ్ళయ్యాయి. అంతకుముందు పాతబస్తీ గొంతు తడిపింది ఎక్కువగా మీరాలం చెరువు. అర్ధచంద్రాకారపు కమానులు 21 వరసగా నిలబెట్టి కట్టిన ఆ కట్టను చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మీరాలం నుంచి గండిపేట, గండిపేట నుంచి మంజీర, కృష్ణ, గోదావరి. మా ఊరు తాగే నీళ్ళు తరానికి తరానికీ ఇంకా దూరం నుంచి వస్తున్నాయి. బియ్యం, కూరగాయలు, పాలు కూడా అంతే. కిటికీ ఊచకు వేలాడే మొక్కకు నేలతో సంబంధం లేదని మేం ఆశ్చర్యపోతాం గానీ మా కాళ్ళ కింద ఉన్న బండలకూ మా కంచంలోని అన్నానికీ ఏం సంబంధం ఉందని? మమ్మల్ని నిలబెట్టినది ఎక్కడో ఉంది. మేం దాన్ని పీలుస్తున్నామో ఊరికే పట్టుకున్నామో నాగార్జునసాగర్ కింద ఆయకట్టు చివరన నీళ్ళందని రైతును అడిగితే చెబుతాడు.

చార్మినార్ చుట్టూ బండ్లు పెట్టుకుని గాజులు, ముత్యాలని చెప్పే పూసలు, మస్కతీ హల్వా, జామకాయలు అమ్మేవాళ్ళను ఎప్పటికప్పుడు తరుముతుంటారు, వాళ్ళు ఎప్పటికప్పుడు తిరిగి వస్తుంటారు. 1591 నాటి కట్టడానికి వాళ్ళు భారమా, కాదా అన్న వాదం తెగదు. పార్లమెంటు 2014లో వీధి వ్యాపారుల కోసం చట్టం చేసినా తెగలేదు. నాకైతే వాళ్ళలో ఎక్కువమంది మా పాలమూరు మామిడి మీది ఆర్కిడ్ లాంటివాళ్ళు. ఆ మినార్లను చూడ్డానికి వచ్చే జనం అనే గాలిలోంచి వాళ్ళ తిండి వాళ్ళు తీసుకుంటారు. రాయిలోంచి ఏమీ తియ్యరు. గోడను చీల్చే రావి వేళ్ళు కొన్ని వేరే ఉన్నాయి, వాటికి బండ్లు ఉండవు, కార్లుంటాయి.

ఇక్కడ ఆగిపోతే నాకే నచ్చే వాదం అవుతుంది. కానీ చార్మినార్ దగ్గర నుంచి నాలుగడుగులు వేస్తే లాడ్ బజార్. అక్కడ కొలిమి దగ్గర కూర్చుని మెత్తబడ్డ లక్కను చేత్తో సాగదీసి, గాజుగా చుట్టి, వేడి మీదే చిన్న చిమటాతో అద్దం ముక్కలు, రాళ్ళు ఒక్కొక్కటీ అద్దుతుంటారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లక్క ఎక్కడిది? మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మలకు పురుగులు వేలకొద్దీ అతుక్కుని, రసం పీల్చి, ఒంటి చుట్టూ కార్చుకున్న జిగురు అది. చేసేది అచ్చంగా పీల్చే పురుగు. పెళ్ళికూతురి చేతి నిండా ఉన్నది ఆ పీల్చుడే. దాని మీద ఎన్ని వందల కుటుంబాలు బతుకుతున్నాయి! పీల్చేవాళ్ళంతా చెడ్డవాళ్ళు, పట్టుకునేవాళ్ళంతా మంచివాళ్ళు అని గీత గీద్దామనుకుంటే ఆ గీత లాడ్ బజార్ మొగదల్లోనే చెరిగిపోతుంది. లక్క పెంచేవాళ్ళకు మాత్రం ఒక లెక్క తెలుసు. ఒకే చెట్టు మీద ప్రతి పంటకూ పురుగు ఎక్కించరు. ఒక పంట తీశాక చెట్టుకు కొంతకాలం విరామం ఇచ్చి, చిగురు వేశాకే మళ్ళీ ఎక్కిస్తారు. పీల్చడంలోనూ ఒక ఆరబెట్టే సమయం ఉందన్నమాట. నాకు దొరికింది ఇంతవరకే. ఇంతకంటే గట్టి సూత్రం నా దగ్గర లేదు.

నా మొక్కల విషయంలోనూ నా చేతులు అంత శుభ్రంగా లేవు. తన చెట్టు నుంచి ఏమీ తీసుకోని మొక్కను దాని చెట్టు మీది నుంచే పీకి అమ్మే వ్యాపారం ఒకటుంది. గ్వాటెమాల వైపు జెరోగ్రాఫికా అనే రకం ఉంది, గుమ్మటంలా చుట్టుకునే వెండి ఆకులు. అడవుల్లోంచి దాన్ని ఎంతగా దోచారంటే చివరికి, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చి, ఎగుమతికి అనుమతి పత్రం ఉండాలన్నారు. మన బదనికతో సహా ఆర్కిడ్లన్నీ ఆ ఒప్పందం కిందే ఉన్నాయి. అయినా మూలికల దుకాణాల్లో దాని వేళ్ళు రాస్నా పేరుతో కట్టలు కట్టలుగా దొరుకుతూనే ఉంటాయి. అందుకని జెరోగ్రాఫికా ఎంత అందంగా ఉన్నా, నర్సరీలో గింజ నుంచి పెంచిందని నమ్మకం కుదిరితే తప్ప కొనను. ఉన్నవాటి పిలకలతోనే సరిపెట్టుకుంటున్నాను.

పిలకలు వస్తాయి. ఓపిక ఉండాలి. ఈ ఏడు మా ఊచకున్న చిన్న రకం, అయొనాంతా, పూసింది. పూసే ముందు నడిమి ఆకులు సిగ్గుపడ్డట్టు ఎర్రబడతాయి, ఆ ఎరుపులోంచి ఊదారంగు గొట్టం పూలు, కొసన పసుపు పుప్పొడి. జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ఆ తర్వాత తల్లి మొక్క నెమ్మదిగా తగ్గిపోతూ, మొదట్లో పిలకలు వేస్తుంది. మన అరటికీ ఇదే తీరు కాబట్టి మా అత్తమ్మకు ఇందులో వింతేమీ కనిపించలేదు. తల్లిలో మూడో వంతు ఎదిగాక పిలకను విడదీయవచ్చు. రెండు వచ్చాయి. ఒకటి పక్కింటి ఖాలా చాలాకాలంగా అడుగుతోంది.

తీసుకెళ్ళి ఇస్తే ఆమె కళ్ళజోడు పెట్టుకుని, "మిట్టీ నై, గమ్లా నై, రఖ్నా కహాఁ ఇస్కో?" అంది. ముందుగదిలో ఏసీ కింద చల్లగా ఉంటుందని అక్కడ పెట్టబోయింది. ఏసీ గాలి తేమంతా లాగేస్తుంది, వద్దన్నాను. స్నానాలగది కిటికీ చూపించింది. అక్కడ తడి ఆరదన్నాను. వంటింట్లో? పొయ్యి సెగ. డాబా మీద? మే నెల ఎండకు మాడిపోతుంది. "ఇత్తే నఖ్రే!" అని ఆమె నవ్వి, చివరికి మెట్ల మలుపులో, కరెంటు మీటర్ల పక్కన ఉన్న మేకుకు ఒక నైలాన్ దారంతో కట్టింది. పై వాటాలవాళ్ళు, పాలవాడు, మీటరు చూసేవాడు అందరూ ఎక్కుతూ దిగుతూ చూస్తారట, ఎవరో ఒకరికి నీళ్ళు గుర్తొస్తాయట. అందరూ గుర్తు పెట్టుకుని అందరూ పోస్తే ఎట్లా అని నా భయం. శుక్రవారం పొద్దున తప్ప ఎవరూ ముట్టుకోవద్దని మీటర్ల పెట్టె మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి అతికించమని ఆమె మనవరాలికి చెప్పి వచ్చాను. ఆ మలుపులో మధ్యాహ్నం తర్వాత వెలుతురు ఎంతుంటుందో ఇంకా చూడాలి.